మధురపూడికి రైలా, బస్సా, లేక ముందు కోటిపల్లి లైనా?

ఈ మధ్య మా అమలాపురం చుట్టుపక్కల ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా భోజనాల దగ్గర ఒకటే చర్చ. రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టు పెద్దదవుతోంది, 2024 డిసెంబరులో ముంబైకీ ఢిల్లీకీ నేరుగా విమానాలు మొదలయ్యాయి, మరి స్టేషన్ నుంచి అక్కడికి రైలు ఎందుకు వేయరని ఒకరు అడుగుతారు. రైలెందుకు, అడిగితే మెట్రోనే అడుగుదాం అని ఇంకొకరు. బస్సు సరిగ్గా నడిపితే చాలదా అని మరొకరు. చివర్లో ఎవరో ఒక పెద్దాయన, ముందు మన అమలాపురం మీదుగా వేస్తున్న కోటిపల్లి–నర్సాపురం రైలు లైను పూర్తి చేయమనండి బాబూ, నేనుండగా అమలాపురంలో రైలెక్కాలి అంటారు. అక్కడితో అందరూ చేతులు కడుక్కోవడానికి లేస్తారు.

ఆ చర్చ ప్రతిసారీ అక్కడే ఆగిపోతోంది కాబట్టి ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. నేను ఆ పెద్దాయన పక్షమే, ముందే చెప్పేస్తున్నా. కాకపోతే ఊరికే పక్షం కట్టకుండా, ఒక్కోదానికి ఎంత ఖర్చవుతుంది, దాని మీద ఎవరు ఎక్కుతారు, రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతారు అన్నది పక్కపక్కన పెట్టి చూద్దాం. రేపే విమానం ఎక్కాల్సినవాళ్ళకి ఏ దారి మంచిదో చివర్లో విడిగా చెప్తాను.

అసలు ఎయిర్‌పోర్టుకి వెళ్ళేది ఎవరు

పోయిన ఏడాది మా వదిన కువైట్ వెళ్ళింది. రెండు పెద్ద బ్యాగులు, ఒక్కోదానికి నైలాన్ తాడు అడ్డంగా, నిలువుగా బిగించి, అట్టముక్క మీద మార్కర్‌తో పేరూ కువైట్ నంబరూ రాసి కట్టాం. ఒకదాంట్లో ఆవకాయ డబ్బా. మూతకి టేపు నాలుగు చుట్లు తిప్పి, దాన్ని మళ్ళీ రెండు కవర్లలో పెట్టింది, ఎందుకంటే అంతకుముందోసారి నూనె కారి చీరలన్నీ పాడయ్యాయి. విమానం శంషాబాద్ నుంచి. రావులపాలెం సెంటర్‌కి రాత్రి ఎనిమిదికి రావాల్సిన ప్రైవేటు బస్సు పదిన్నరకి వచ్చింది, ఈలోపు ఎన్నిసార్లు ఫోన్ చేసినా దగ్గర్లోనే ఉన్నామండీ అన్న మాట తప్ప ఇంకోటి లేదు. తెల్లారాక హైదరాబాద్ శివార్లలో ఏదో ఫ్లైఓవర్ కింద దింపేసి, ఇక్కడి నుంచి ఆటో మాట్లాడుకోమన్నారట. ఆవిడ కౌంటర్ దగ్గరికి చేరేసరికి మూసేయడానికి ఇంకో పది నిమిషాలుంది. ఇక్కడ మేమంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాం, అన్నయ్యయితే కాఫీ కూడా ముట్టలేదు. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు నేను.

ఇదెందుకు చెప్తున్నానంటే, ఎయిర్‌పోర్టుకి రైలు అనగానే మన కళ్ళ ముందు చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ వెళ్ళే సాఫ్ట్‌వేర్ కుర్రాడు కనిపిస్తాడు. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి తీరం నుంచి గల్ఫ్‌కి వెళ్ళే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో మన వీధుల్లో ఇళ్ళు చూస్తేనే తెలుస్తుంది. మధురపూడి నుంచి గల్ఫ్‌కి విమానం లేదు కాబట్టి వాళ్ళకి ఎయిర్‌పోర్టు అంటే శంషాబాద్. రాజమండ్రి స్టేషన్ నుంచి మధురపూడికి బంగారు పట్టాలు వేసినా మా వదినకి ఒరిగేదేమీ లేదు. ఆవిడకి కావాల్సింది రాత్రి నమ్మకంగా బయల్దేరే రైలు, దాన్ని అందుకోవడానికి ఊళ్ళోంచి ఒక బస్సు.

ఇంకో రకం మనుషుల్ని కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్ళు. ఊడ్చేవాళ్ళు, సామాన్లు ఎత్తేవాళ్ళు, క్యాంటీన్‌లో వాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు. విమానం ఎక్కేవాడు ఏడాదికి రెండుసార్లో నాలుగుసార్లో వస్తాడు, వీళ్ళు రోజూ రెండుసార్లు ఆ దారి తొక్కుతారు. ఏ ఊళ్ళో అయినా ఎయిర్‌పోర్టు రైలో బస్సో నిలబడాలంటే వీళ్ళు ఎక్కాలి. వీళ్ళు ఎక్కగలిగే ధర, వీళ్ళ షిఫ్టుకి సరిపోయే టైము లేకపోతే అది వట్టి హంగే.

వేరే ఊళ్ళు ఏం చేశాయి, ఏమైంది

ఢిల్లీలో ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ లైను 2011 ఫిబ్రవరిలో మొదలైంది. ప్రైవేటు సంస్థతో కలిసి కట్టారు, దాదాపు 23 కిలోమీటర్లు, టికెట్ ధర మామూలు మెట్రో కన్నా చాలా ఎక్కువ. 2012 జులైలో వంతెనల బేరింగుల్లో లోపాలు బయటపడి ఆపేశారు, మళ్ళీ 2013 జనవరిలో నడిపారు, అదే ఏడాది జులైలో ఆ సంస్థ చేతులెత్తేస్తే ఢిల్లీ మెట్రోనే తీసుకుని నడపాల్సి వచ్చింది. టికెట్ ధరలు బాగా తగ్గించాక జనం పెరిగారు. టొరంటోలో కూడా అచ్చం ఇదే కథ. 2015 జూన్‌లో యూపీ ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టినప్పుడు టికెట్ ఇరవై ఏడున్నర డాలర్లు, రైళ్ళు ఖాళీగా తిరిగాయి, తొమ్మిది నెలలకే పన్నెండు డాలర్లకి దించేశారు, అప్పుడు నిండాయి. సిడ్నీలో ఎయిర్‌పోర్టు లైను 2000లో తెరిచిన కొద్ది నెలలకే దాన్ని నడిపే ప్రైవేటు సంస్థ అప్పుల్లో మునిగింది. షాంఘైలో గాల్లో తేలే మాగ్లెవ్ రైలు ముప్పై కిలోమీటర్లు రెప్పపాటులో తీసుకెళ్తుంది గానీ ఊరి నడిబొడ్డు దాకా వెళ్ళదు, లాంగ్‌యాంగ్ రోడ్డు దగ్గర దిగి సామాన్లు మోసుకుంటూ మళ్ళీ మెట్రో ఎక్కాలి. బ్యాంకాక్‌లో 2010లో ఎక్స్‌ప్రెస్ అనీ, దారిలో అన్ని స్టేషన్లలో ఆగేదనీ రెండు రకాలు పెట్టారు. 2014లో ఎక్స్‌ప్రెస్ ఆపేశారు, ఆగుతూ వెళ్ళేదే మిగిలింది, ఎందుకంటే అది ఎయిర్‌పోర్టుకి వెళ్ళనివాళ్ళకి కూడా పనికొచ్చింది.

మన దేశంలోనే చూడాలంటే చెన్నై. అక్కడ బీచ్–తాంబరం లోకల్ లైను బ్రిటిష్ కాలం నుంచీ ఉంది, రోజూ ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్ళే జనం కోసం. ఎయిర్‌పోర్టు ఎదురుగానే తిరుశూలం స్టేషన్. దిగి, రోడ్డు దాటితే ఎయిర్‌పోర్టు. 2016లో మెట్రో కూడా వచ్చింది, మంచిదే, కానీ అంతకుముందు ఎన్నో ఏళ్ళపాటు కొద్ది రూపాయల టికెట్‌తో చెన్నై ఎయిర్‌పోర్టుకి రైలుంది, దాని పేరు ఎవరూ ఎయిర్‌పోర్టు రైలని పెట్టలేదు. ముంబైలో కొత్తగా వచ్చిన మూడో లైను మెట్రో కూడా అంతే, ఊరంతా తిరుగుతూ మధ్యలో టెర్మినల్ దగ్గర ఆగుతుంది.

బెంగళూరు సంగతి మనకి ఇంకా దగ్గరగా ఉంటుంది. 2008లో దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి వాయు వజ్ర బస్సులే ఆధారం, నగరం నలుమూలల నుంచీ నడుస్తాయి. 2021 జనవరిలో ఎయిర్‌పోర్టు దగ్గర్లో ఒక రైల్వే హాల్ట్ పెట్టారు. రోజుకి కొన్నే రైళ్ళు, విమానాల వేళలకీ వాటికీ పొంతన లేదు, జనం ఎక్కలేదు. స్టేషన్ కట్టడం ఒక ఎత్తు, గంటగంటకీ రైలు నడపడం ఇంకో ఎత్తు. కొచ్చిలో మెట్రో ఆలువాలో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి ఎలక్ట్రిక్ బస్సులు వేశారు. హైదరాబాద్‌లో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కి 31 కిలోమీటర్ల మెట్రోకి, 6,250 కోట్ల అంచనాతో, 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ దారి పక్కన పెట్టి నాగోలు, ఎల్బీనగర్ వైపు నుంచి వేయాలని నిర్ణయించారు. అంత పెద్ద నగరంలో కూడా ఇప్పటికీ శంషాబాద్‌కి జనాన్ని మోస్తున్నది పుష్పక్ బస్సులూ, క్యాబులే.

ఇవన్నీ చూశాక నాకు అర్థమైంది ఒక్కటే. ఎయిర్‌పోర్టు కోసమే వేసిన లైను కష్టపడుతుంది. పదిమంది వెళ్ళే దారిలో ఎయిర్‌పోర్టు ఉంటే ఆ లైను బతుకుతుంది. మన దగ్గర ఉన్న ఒక్కో ప్రతిపాదననీ నేను ఈ గీటురాయి మీదే గీసి చూస్తాను.

మధురపూడికి మెట్రో లేదా రైలు

ముందు డబ్బు సంగతి. విజయవాడ మెట్రో మొదటి దశ 38.4 కిలోమీటర్లకి వేసిన అంచనా 11,009 కోట్లు. అంటే కిలోమీటరుకి 280 కోట్ల పైమాట. రాజమండ్రి నుంచి మధురపూడికి పదిహేను కిలోమీటర్లు అనుకున్నా నాలుగు వేల కోట్లు దాటిపోతుంది. మెట్రో కాదు, నేల మీద మామూలు రైలు పట్టాలే అనుకుందాం. ఖర్చు చాలా తగ్గుతుంది, నిజమే. కానీ మెయిన్ లైను రాజమండ్రి నుంచి కడియం, ద్వారపూడి, అనపర్తి మీదుగా సామర్లకోట వైపు తిరిగిపోతుంది, ఎయిర్‌పోర్టేమో కోరుకొండ రోడ్డు వైపు, ఉత్తరాన. చెన్నైలో లాగా దారిలో ఒక స్టేషన్ పెడితే సరిపోయే పని కాదు. ప్రత్యేకంగా ఒక కొమ్మ లైను చీల్చాలి, ఊళ్ళోంచో ఊరి పక్కనుంచో భూమి సేకరించాలి.

అంతా చేసి రైలు వేశామనుకోండి, ఎవరెక్కుతారు? ఎయిర్‌బస్ ఏ320లో 180 సీట్లు, చిన్న విమానం ఏటీఆర్‌లో డెబ్భై పైచిలుకు. దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే ఎనిమిది పెట్టెల మెము కరెంటు రైలు నిలబడినవాళ్ళతో కలిపి ఒక్క ట్రిప్పులో వెయ్యి మందికి పైగా మోస్తుంది. విమానం నిండా వచ్చినవాళ్ళందరూ ఎక్కినా రెండు పెట్టెలు కూడా నిండవు. పైగా అందరూ ఎక్కరు. అందులో కాకినాడ వాళ్ళుంటారు, భీమవరం వాళ్ళుంటారు, తణుకు, అమలాపురం, రంపచోడవరం వాళ్ళుంటారు. వీళ్ళెవరూ రాజమండ్రి స్టేషన్‌కి వెళ్ళాలని దిగినవాళ్ళు కాదు, ఇంటి నుంచి కారు వచ్చి ఉంటుంది. ఒక విమానానికీ ఇంకో విమానానికీ మధ్య ఆ రైలు ఎవరికోసం తిరగాలి? కోరుకొండ, గోకవరం వైపు జనం కోసం అంటే ఒప్పుకుంటాను, కానీ అప్పుడు లైను ఎయిర్‌పోర్టు దగ్గర ఆగకూడదు, ఇంకా ముందుకి వెళ్ళాలి. అలాంటి ప్రతిపాదన ఎవరైనా తెస్తే మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఒక మాట మాత్రం రైలు అడిగేవాళ్ళ వైపు నుంచి న్యాయమైనది. ఇప్పుడు వద్దనుకుంటే ఇరవై ఏళ్ళ తర్వాత కావాలన్నా భూమి దొరకదు అంటారు. నిజం. కోరుకొండ రోడ్డు వెడల్పు చేసే ప్రతిసారీ పక్కన ఒక పట్టీ ఖాళీగా ఉంచితే, లేఅవుట్లకి అనుమతులిచ్చేటప్పుడు ఆ పట్టీలోకి ఇళ్ళు రాకుండా చూస్తే, దానికి పెద్ద ఖర్చు లేదు. అది చేయాలి. పట్టాలు తర్వాత.

ఎయిర్‌పోర్టు బస్సు

ఎలక్ట్రిక్ బస్సు ఒక్కోటి ఒకటి నుంచి రెండు కోట్ల మధ్య పడుతుంది. ఒక కిలోమీటరు మెట్రో డబ్బుతో వంద బస్సులకి పైగా వస్తాయి, మనకి వంద అక్కర్లేదు, పది చాలు. కేంద్రం 2023లో ప్రకటించిన ఈ-బస్సు పథకంలో కాకినాడ, రాజమండ్రి రెండూ ఉన్నాయి కాబట్టి అడగడానికి దారి కూడా ఉంది.

కానీ బస్సు వేశాం అనిపించుకోవడం వేరు, నడపడం వేరు. నాకు తెలిసి బస్సు నిలబడాలన్నా, మూలపడాలన్నా మూడు చిన్న విషయాల దగ్గరే తేలుతుంది. మొదటిది టైము. విమానం దిగాక బ్యాగు బెల్టు మీదికి రావడానికి అరగంట పడుతుంది, బస్సు అప్పటిదాకా ఆగాలి. విమానం గంట ఆలస్యమైతే ఆ కబురు డ్రైవర్‌కి అందాలి, లేకపోతే ఖాళీ బస్సు టైముకి వెళ్ళిపోతుంది, జనం బయట నిలబడి ట్యాక్సీ వాళ్ళతో బేరాలాడుతుంటారు. మా బాబాయి మోకాలి ఆపరేషన్ చేయించుకుని హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు అదే జరిగింది, చీకటిపడ్డాక అమలాపురానికి కారు అడిగితే చెప్పిన రేటు వినేసరికి పిన్ని కళ్ళు తిరిగాయి. రెండోది సామాను. పల్లెవెలుగు బస్సులో సూట్‌కేసు పెట్టుకోవడానికి చోటుండదు, నడిచే దారికి అడ్డం పెడితే కండక్టర్‌కీ కష్టం, ఎక్కేవాళ్ళకీ కష్టం. ముందువైపు నాలుగు సీట్లు తీసేసి ర్యాక్ పెడితే సరిపోతుంది.

మూడోది సర్వీసు రకం. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నాకైతే ఇదే అన్నిటికన్నా ముఖ్యం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఉచితం. ఎయిర్‌పోర్టు బస్సుని ఏసీ స్పెషల్‌గా వేస్తే అది ఆ పథకంలోకి రాదు, అక్కడ పనిచేసే ఆడమనిషి జీతంలో పెద్ద ముక్క టికెట్లకే పోతుంది. అదే బస్సుని ఎక్స్‌ప్రెస్‌గా నడిపితే ఆవిడ ఉచితంగా ఎక్కుతుంది, బస్సూ నిండుతుంది, దారిలో ఉన్న ఊళ్ళ వాళ్ళూ ఎక్కుతారు. బోర్డు మీద రాసే ఒక్క మాటతో ఇంత తేడా.

ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది కూడా చూడండి. రాజమండ్రిలో రైల్వే స్టేషన్ ఒకచోట, ఆర్టీసీ కాంప్లెక్స్ ఇంకోచోట. బస్సు రెండింటినీ తగులుతూ వెళ్ళాలి. ఇంకా మంచిది, ఒకటి కాకినాడ నుంచి, ఒకటి రావులపాలెం మీదుగా అమలాపురం నుంచి నేరుగా పొద్దున్నా సాయంత్రం నడపడం. రాజమండ్రి ఊళ్ళోవాళ్ళకి ఆటోలున్నాయి, క్యాబులున్నాయి, ఎనభై కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్ళకే అసలు ఇబ్బంది.

కోటిపల్లి–నర్సాపురం లైను

కాకినాడ–కోటిపల్లి లైను మొదట 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీకి తీసుకుపోయారు. మళ్ళీ 45 కిలోమీటర్లు వేసి 2004లో తెరిచారు, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా చాలా ఏళ్ళు ఒక్క పెట్టె రైలు బస్సు తిరిగింది, మీలో చాలామంది ఎక్కే ఉంటారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000–01 బడ్జెట్‌లో మంజూరైంది, లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న బాలయోగి గారు పట్టుబట్టి సాధించిన పని అది. ఆయన 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. లైను అక్కడి నుంచి నత్తనడకే. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, గోదావరి మూడు పాయల మీదా పెద్ద వంతెనలు కావాలి, ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం ఇవ్వాలి, ఒక ఏడాది వాళ్ళివ్వరు, ఒక ఏడాది వీళ్ళివ్వరు, భూసేకరణ దగ్గర కొబ్బరితోటల రేట్లు ఏటా పెరుగుతూనే ఉంటాయి.

కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు వెళ్తున్నప్పుడు ఆ వంతెన స్తంభాలు చూస్తుంటే నాకు గుండె కలుక్కుమంటుంది. పంటు మీద పదో పన్నెండో మోటారు సైకిళ్ళు, ఒక ఆటో, అరటిగెలలు, స్కూలు బ్యాగులతో పిల్లలు, ఇంజన్ చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడదు. వరద వస్తే పంటు ఆగిపోతుంది, అప్పుడు యానాం–ఎదుర్లంక వంతెన మీదుగానో, రావులపాలెం మీదుగానో చుట్టూ తిరిగి రావాలి. పక్కనే నీళ్ళలోంచి లేచిన స్తంభాలు ఏళ్ళకేళ్ళు పైన ఏమీ లేకుండా నిలబడ్డాయి. 2022లో కోనసీమ జిల్లా అయింది, కలెక్టరేట్ వచ్చింది, జిల్లా కేంద్రంలో మాత్రం ఇప్పటికీ రైలు కూత లేదు.

ఈ లైను మొత్తం అంచనా రెండు వేల కోట్లు దాటింది. మూడు నదీపాయల వంతెనలతో కలిపి కిలోమీటరుకి 35 కోట్ల పైన. పైన చెప్పిన మెట్రో లెక్క పక్కన పెట్టి చూడండి, ఏడెనిమిది కిలోమీటర్ల మెట్రో డబ్బుతో కోనసీమకి మొత్తం రైలు వచ్చేస్తుంది. అది పూర్తయితే కాకినాడ నుంచి అమలాపురం, నర్సాపురం, భీమవరం, గుడివాడ మీదుగా విజయవాడకి ఇంకో దారి తయారవుతుంది. అటువైపు విజయవాడ–గుడివాడ–భీమవరం, మచిలీపట్నం, నిడదవోలు, నర్సాపురం లైన్లు 221 కిలోమీటర్ల మేర డబ్లింగ్ (పక్కన రెండో పట్టా వేయడం), కరెంటు పనులు జరిగి సిద్ధంగా ఉన్నాయి కాబట్టి మధ్యలో తెగిన ముక్క మనదే. కొబ్బరి, అరటి, రొయ్యలు పోయే దారి, చదువుకునే పిల్లలు కాకినాడ వెళ్ళే దారి, పెద్దాసుపత్రికి వెళ్ళే దారి. రోజూ వెళ్ళేవాళ్ళతో నిండే లైను ఇది. నా గీటురాయి మీద అన్నిటికన్నా బాగా నిలబడేది ఇదే.

ఎయిర్‌పోర్టుకి ఇది ఏ విధంగా పనికొస్తుంది అంటారా? మా వదిన అమలాపురంలోనే రాత్రి రైలెక్కి పొద్దున్న హైదరాబాద్‌లో దిగుతుంది. రావులపాలెం సెంటర్లో రెండున్నర గంటలు బ్యాగుల మీద కూర్చోవాల్సిన పని ఉండదు.

ఉన్న రైళ్ళనే పెంచడం

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇందులో వాదన తక్కువ, అడిగేవాళ్ళే తక్కువ. రాజమండ్రి–సామర్లకోట–కాకినాడ, భీమవరం–నిడదవోలు–రాజమండ్రి మధ్య పొద్దున్నా సాయంత్రం మెములు పెంచితే కొత్త భూమి అక్కర్లేదు. అడ్డంకి ఒకటే, మెయిన్ లైను నిండిపోయి ఉంది. ప్యాసింజర్ ఎక్కినవాళ్ళకి తెలుసు, ద్వారపూడిలో పక్క లైన్లో నిలబెట్టి ముందు ఎక్స్‌ప్రెస్‌నీ తర్వాత గూడ్స్‌నీ పంపేస్తారు, ప్లాట్‌ఫారం మీద టీ తాగి వచ్చినా ఇంకా అక్కడే ఉంటుంది. మూడో లైను వస్తే గానీ ఇది పూర్తిగా తీరదు.

కానీ ఒక చిన్న పని ఇప్పుడే చేయొచ్చు. గన్నవరం రైల్వే స్టేషన్ ఏలూరు–విజయవాడ మెయిన్ లైను మీదే ఉంది, అక్కడి నుంచి విజయవాడ ఎయిర్‌పోర్టుకి ఆటోలో వెళ్ళిపోవచ్చు. రాజమండ్రి, నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు నుంచి వెళ్ళే పగటి ఎక్స్‌ప్రెస్‌లలో రెండింటికి అక్కడ రెండు నిమిషాల హాల్ట్ ఇచ్చి, స్టేషన్ బయట ఒక బస్సు పెడితే, పశ్చిమ గోదావరి వాళ్ళకి కొత్త పట్టా ఒక్కటీ వేయకుండానే ఎయిర్‌పోర్టు రైలు వచ్చినట్టే. ఇది చెన్నై తిరుశూలం పద్ధతే. భీమవరం నుంచి గుడివాడ మీదుగా వెళ్ళే రైళ్ళు గన్నవరం తగలవు, అది గుర్తుంచుకోండి.

నన్నడిగితే ఏది ముందు

చేతిలో ఉన్నది వంద రూపాయలే అనుకుంటే ఎనభై కోటిపల్లి లైనుకి పెడతాను. పది రూపాయలు బస్సులకి, కాకినాడ, అమలాపురం, రాజమండ్రి మూడు చోట్ల నుంచీ మధురపూడికి. మిగిలింది గన్నవరం హాల్టు లాంటి చిన్న పనులకి, కోరుకొండ రోడ్డు పక్కన స్థలం కాపాడుకోవడానికి. మధురపూడి రైలుకి ఇప్పుడు ఒక్క రూపాయి కూడా పెట్టను. రాజమండ్రి మిత్రులకి ఇది నచ్చకపోవచ్చు, వాళ్ళ ఊరి మీద ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ 2027 పుష్కరాలకి లక్షల జనం వచ్చినప్పుడు రాజమండ్రికి కావాల్సింది కూడా స్టేషన్ నుంచి ఘాట్లకి బస్సులు, చుట్టుపక్కల ఊళ్ళకి రైళ్ళే. పుష్కరాల్లో నీళ్ళలో మునిగేవాళ్ళలో విమానం దిగి వచ్చేది ఎంతమంది?

రేపే బయల్దేరేవాళ్ళకి

గల్ఫ్‌కి శంషాబాద్ నుంచి వెళ్తుంటే, విమానం సాయంత్రానిదైతే రాత్రి రైలు మేలు, రాజమండ్రిలోనో సామర్లకోటలోనో గౌతమి ఎక్స్‌ప్రెస్ లాంటిది పట్టుకోండి. నర్సాపురం, పాలకొల్లు, భీమవరం వాళ్ళకి అటునుంచే హైదరాబాద్ రైళ్ళున్నాయి. టికెట్ తీసుకునేటప్పుడు రైలు హైదరాబాద్‌లో ఏ స్టేషన్‌లో ఆగుతుందో తప్పకుండా చూసుకోండి, 2025లో చర్లపల్లి టెర్మినల్ తెరిచాక కొన్ని రైళ్ళు అటు మారాయి, చర్లపల్లి నుంచి శంషాబాద్‌కీ సికింద్రాబాద్ నుంచి శంషాబాద్‌కీ దారి వేరు, టైము వేరు. విమానం తెల్లవారుజామునైతే అదే రాత్రి బస్సుని నమ్ముకోకండి, ముందు రోజు పగలే చేరిపోయి చుట్టాలింట్లోనో లాడ్జిలోనో పడుకోండి, ఆ ఖర్చు విమానం తప్పితే అయ్యే ఖర్చులో ఏపాటిది కాదు. ప్రైవేటు బస్సే ఎక్కాల్సి వస్తే ఎక్కడ దింపుతారో టికెట్ మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

మధురపూడి నుంచి వెళ్తుంటే, అమలాపురం వాళ్ళు పొద్దున్న విమానానికి నాలుగు గంటల ముందు ఇల్లు కదలాలి, రావులపాలెం, జొన్నాడ దగ్గర లారీల వరుస ఎప్పుడు కడుతుందో చెప్పలేం. ఇద్దరు ముగ్గురు కలిస్తే కారు పంచుకోండి, ఒక్కరే అయితే రాజమండ్రి కాంప్లెక్స్ దాకా బస్సులో వచ్చి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోండి. ఉత్తరాంధ్ర వైపు ఎయిర్‌పోర్టు లెక్కలు వేసుకునేవాళ్ళు మాత్రం ఒకటి చూసుకోవాలి, కొత్తగా కట్టిన భోగాపురం విశాఖ దాటాక విజయనగరం వైపు ఉంటుంది, కాకినాడ నుంచి విశాఖ పాత ఎయిర్‌పోర్టుకి వెళ్ళినంత టైము సరిపోదు, దానికి ఇంకో గంట కలుపుకుని బయల్దేరండి.

ఇంకొకటి. ఆవకాయ డబ్బాని చేతిబ్యాగులో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టించేస్తారు. పెద్ద బ్యాగులోనే, మూతకి టేపు వేసి, రెండు కవర్లలో.